మొదటి బాల్‌గా ప్లాస్టిక్ బాల్: నెల్లూరు, ఒంగోలు బౌలర్లకు ఒక రివ్యూ

నెల్లూరులోనో ఒంగోలులోనో మాల్ లేన్ల మీద టెన్‌పిన్ బౌలింగ్ (బాల్ దొర్లించి పది పిన్లను పడగొట్టే ఆట) మొదలుపెట్టి, 130, 140 దగ్గర స్కోరు మొండికేసినవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: ఏ బాల్ కొనాలి? మనసులో ఉండేది మాత్రం వీడియోల్లో చూసిన రియాక్టివ్ బాల్. లేన్ చివర్లో కొడవలిలా వంగి పిన్లలోకి దూరేది. ఇక్కడ రివ్యూ చేస్తున్నది దాని పేద చుట్టాన్ని. అసలు పేరు పాలిస్టర్ బాల్, ఆటగాళ్ల నోట ప్లాస్టిక్ బాల్. కొలంబియా 300 వైట్ డాట్, బ్రన్స్‌విక్ టీ-జోన్, ఎబనైట్ మాక్సిమ్ ఈ జాతివే. 2019లో ఎబనైట్ సంస్థను బ్రన్స్‌విక్ కొనేశాక ఈ మూడూ ఒకే గూటివి అయ్యాయి కాబట్టి వాటి మధ్య తేడాల కోసం రాత్రులు మేలుకోనక్కర్లేదు. రంగు నచ్చింది తీసుకోండి.

మార్కులు ముందే చెప్పేస్తే: ఉత్త బాల్‌కు పదికి 7. చేతికి సరిగ్గా కుదిరేలా డ్రిల్ చేయిస్తే 9. కుదరకపోతే 2, అదీ పేపర్ వెయిట్‌గా పనికొస్తుందని. అందుకే ఈ రివ్యూలో బాల్ గురించి కొంచెం, దానికి వేయించే మూడు హోల్స్ గురించి చాలా ఉంటుంది.

బాల్ సంగతి. నిబంధన ప్రకారం ఏ బాల్ అయినా 16 పౌండ్లు దాటకూడదు, వ్యాసం 8.5 నుంచి 8.595 అంగుళాల మధ్య ఉండాలి. సైజు అందరిదీ ఒకటే, మారేవి బరువు, పైపొర, లోపలి కోర్. రియాక్టివ్ బాల్ పైపొరలో కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి. అవి లేన్ మీద పూసిన నూనెను పీలుస్తాయి, నూనె లేని చోట నేలను గట్టిగా పట్టుకుని తిరుగుతాయి. ప్లాస్టిక్ పైపొర నున్నగా, గట్టిగా ఉంటుంది. నూనెను పీల్చదు, పొడి చోట కూడా పెద్దగా తిరగదు. కోర్ కూడా సాదాసీదాది, కాబట్టి లేఅవుట్ (కోర్‌ను బట్టి హోల్స్ ఎక్కడ వేయాలన్న ప్లాన్) ఎలా వేయించాలి, బాల్ మీది పిన్ అనే గుర్తు ఎక్కడ ఉండాలి అనే తర్జనభర్జన ఈ బాల్‌కు అక్కర్లేదు. ఎవరైనా ప్లాస్టిక్ బాల్‌కు ప్రత్యేక లేఅవుట్ అంటూ అదనంగా డబ్బు అడిగితే ఒక నవ్వు నవ్వి వద్దనండి.

తిరగకపోవడం ఈ బాల్ లోపం, అదే దీని గుణం కూడా. లోపం ముందు చెప్పుకుందాం. స్ట్రైక్ (మొదటి బాల్‌కే పది పిన్లూ పడటం) బాగా పడాలంటే బాల్ 17వ, 18వ బోర్డుల (లేన్ పొడవునా ఉండే సన్న పలకలు, అంచు నుంచి లెక్క) మధ్య పాకెట్‌లోకి (మొదటి పిన్‌కూ దాని పక్క పిన్‌కూ మధ్య సందులోకి) 4 నుంచి 6 డిగ్రీల కోణంలో రావాలి. ఫౌల్ లైన్ (లేన్ మొదట్లో పాదం దాటకూడని గీత) నుంచి మొదటి పిన్‌కు 60 అడుగులు, లేన్ వెడల్పు 41.5 అంగుళాలు. కుడి అంచు నుంచి వేసినా తిన్నగా పోయే బాల్ కోణం 2 డిగ్రీలు కూడా దాటదు. లెక్కే ఒప్పుకోదు. బాల్ పిన్లకు తగిలి పక్కకు తప్పుకుంటుంది, 5వ పిన్నో 10వ పిన్నో నిలబడి మన వంక చూస్తుంది. స్ట్రైక్‌ల వరదే కావాలంటే ఈ బాల్ మీకు కాదు.

ఇక గుణం. ప్రతి ఫ్రేమ్‌లో (రెండు బాల్స్ దాకా వేసే ఒక్కో వంతు, గేమ్‌కు పది) 9 పిన్లు పడగొట్టి పదోది వదిలేస్తే గేమ్‌కు వచ్చేది 90. అదే మిగిలిన పిన్నును ప్రతిసారీ తీసేస్తే, ఒక్క స్ట్రైక్ కూడా లేకుండా, 190. వంద పిన్ల తేడా అంతా స్పేర్లలో, అంటే మిగిలినవాటిని రెండో బాల్‌తో తీసేయడంలో ఉంది. స్పేర్ తీయడానికి తిన్నగా పోయే బాల్‌ను మించింది లేదు. లేన్ ఎండినా, నూనె కారుతున్నా దాని దారి పెద్దగా మారదు. అంతర్జాతీయ ఆటగాళ్ల సంచుల్లో కూడా ఒక ప్లాస్టిక్ బాల్ తప్పకుండా ఉండేది ఇందుకే. మొదటి బాల్‌గా కొంటే రేపు రియాక్టివ్ కొన్నాక కూడా ఇది మూలన పడదు, రెండో బాల్‌గా ఉద్యోగం మారుతుందంతే.

బరువు

ఒంటి బరువులో పదో వంతు అనే సూత్రం చాలామంది చెబుతారు. 70 కిలోల మనిషికి 7 కిలోలు, అంటే 15 పౌండ్ల పైచిలుకు. దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. 12 పౌండ్లు అంటే 5.4 కిలోలు, 14 అంటే 6.35, 15 అంటే 6.8. మాల్‌లో ఉండే హౌస్ బాల్ మన వేళ్లకు సరిపోదు కాబట్టి పిండి పట్టుకుంటాం, ఉన్నదానికంటే బరువుగా అనిపిస్తుంది. చేతికి కుదిరిన బాల్ అదే బరువున్నా తేలిగ్గా ఊగుతుంది. అందుకే హౌస్ బాల్ 12 హాయిగా వేసేవాళ్లు సొంత బాల్ 13, కొందరు 14 కూడా తీసుకోవచ్చు. పరీక్ష ఒకటే: వరసగా మూడు గేములు ఆడండి. మూడో గేమ్ చివరి ఫ్రేముల్లో భుజం వాలిపోతున్నా, మణికట్టు వెనక్కి విరుగుతున్నా, వెనక్కి ఊపే ఎత్తు తగ్గిపోతున్నా ఒక పౌండు దిగండి. పోటీల్లో ఒకే పూట ఆరు గేములు కూడా ఆడిస్తారు, ఆ సంగతి గుర్తుంచుకుని ఎంచుకోవాలి.

ఫిట్టింగ్: అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

డ్రిల్లింగ్ చేసే ప్రో షాప్ కోసం మనవాళ్లు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ వైపు చూడాలి. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్ల చిల్లర, మూడు గంటల రైలు. దగ్గరే కదా అని పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దిగి, నేరుగా షాపుకెళ్లి, కొలతలిచ్చి, వెంటనే దొరికే బండి ఎక్కేద్దామనుకుంటే పని చెడుతుంది. ఎండలో తిరిగొచ్చిన బొటనవేలు ఉబ్బి ఉంటుంది. ఏసీలో అరగంట కూర్చుని, వీలుంటే ఒక గేమ్ ఆడి, అప్పుడు కొలతలివ్వండి. డ్రిల్ చేశాక అక్కడే పదిహేను, ఇరవై బాల్స్ వేసి, ఎక్కడ ఒరుసుకుంటోందో చెప్పి సరిచేయించుకోవాలి. వేళ్ల హోల్స్‌లో రబ్బరు ఇన్సర్టులు అంటించడం, అంచులు నున్నగా చేయడం అన్నీ కలిపి సగం రోజు పడుతుంది. ముందే ఫోన్ చేసి, డ్రిల్లర్ ఆ రోజు ఉంటాడో లేదో అడిగి బయల్దేరండి.

పట్టులో రెండు రకాలు. కన్వెన్షనల్ పట్టులో నడిమి వేలు, ఉంగరపు వేలు రెండో కణుపు దాకా దిగుతాయి, హౌస్ బాల్స్‌కు ఉండేది ఇదే. ఫింగర్‌టిప్ పట్టులో మొదటి కణుపు దాకానే. హుక్ (బాల్‌ను తిప్పి వంగేలా వేయడం) నేర్చుకునే ఉద్దేశం ఏమాత్రం ఉన్నా ప్లాస్టిక్ బాల్‌కు కూడా ఫింగర్‌టిప్పే వేయించండి. రేపు రెండో బాల్ వచ్చినప్పుడు రెండూ చేతికి ఒకేలా ఉండాలి. స్ట్రైక్‌కు ఒక పట్టు, స్పేర్‌కు ఇంకో పట్టు అంటే చేతికి ఏదీ అలవాటు కాదు.

స్పాన్ అంటే బొటనవేలి హోల్ అంచు నుంచి వేళ్ల హోల్ అంచు దాకా దూరం. నడిమి వేలికీ ఉంగరపు వేలికీ విడివిడిగా కొలవాలి, రెండూ సాధారణంగా సమానంగా ఉండవు. స్పాన్ ఎక్కువైతే బొటనవేలు మొదట్లో నొప్పి, బాల్ వదిలేటప్పుడు బొటనవేలు ఇరుక్కోవడం. తక్కువైతే అరచేతికీ బాల్‌కూ మధ్య ఖాళీ మిగిలి, బాల్ జారిపోతుందేమోనని పిండుతారు, ముంజేయి పట్టేస్తుంది. చాలామంది చేయి సాగదీసి 'ఇంకా అందుతుంది' అని చూపిస్తారు. అది పరాక్రమం చూపించే చోటు కాదు. చేతిని వదులుగా పెట్టండి.

పిచ్ అంటే హోల్ ఏ వైపు చూస్తోందన్నది. బాల్ కేంద్రం వైపు నేరుగా చూస్తే జీరో పిచ్. అక్కడి నుంచి 1/8, 1/4 అంగుళం అంటూ తప్పిస్తారు. బొటనవేలి హోల్ అరచేతి వైపు తిరిగితే ఫార్వర్డ్, బాల్ చేతిలో ఎక్కువసేపు నిలుస్తుంది. బయటికి తిరిగితే రివర్స్, తొందరగా వదులుతుంది. బొటనవేలు వెనక్కి బాగా వంగేవాళ్లకూ, కర్రలా బిగుసుకుని ఉండేవాళ్లకూ ఒకే పిచ్ సరిపోదు. డ్రిల్లర్ మీ వేలిని వెనక్కి వంచి చూడకుండానే, పక్కలకు కదిపి చూడకుండానే నంబర్లు రాసేస్తుంటే ఆ షాపు మీద నమ్మకం తగ్గించుకోవచ్చు.

బొటనవేలి హోల్ సైజు అంగుళంలో 64వ వంతు తేడాలతో చూస్తారు. అంత సన్నని తేడా చేతికి తెలుస్తుందా అంటే, తెలుస్తుంది. వేలు పూర్తిగా దిగాలి, ముందూ వెనకా తేలిగ్గా తాకాలి, పిండకుండానే బాల్ నిలవాలి, వదిలేటప్పుడు ఠప్‌మని శబ్దం రాకుండా జారాలి. శబ్దం వస్తే బిగువు. పిండాల్సి వస్తే వదులు. నేరుగా బాల్‌లో తొలిచే బదులు థంబ్ స్లగ్ వేయించుకోండి. మెత్తని వేరే పదార్థంతో చేసిన గొట్టాన్ని బాల్‌లో దింపి, అందులో హోల్ వేస్తారు. రేపు వేలు సన్నబడ్డా లావైనా స్లగ్ మార్చుకుంటే సరి. వేళ్లకు రబ్బరు ఇన్సర్టులు. వారానికి రెండు మూడు రోజులు ఆడేవాళ్లకు అవి కొన్ని నెలల్లో అరిగి నున్నబడతాయి. ఒక జత అదనంగా తెచ్చుకుంటే ఇంట్లోనే పీకి, రెండు చుక్కల సూపర్ గ్లూతో కొత్తవి అంటించుకోవచ్చు. పాత జిగురు పూర్తిగా గీకేయకపోతే కొత్తది ఒక పక్కకు ఎత్తుగా కూర్చుంటుంది, స్పాన్ మారిపోతుంది.

నొప్పి ఎక్కడో చూస్తే తప్పు ఎక్కడో తెలుస్తుంది. బొటనవేలి కణుపు వెనక వైపు కందిపోతే హోల్ వదులుగా ఉంది, వేలు లోపల కొక్కెంలా వంచి పట్టుకుంటున్నారు. బొటనవేలు మొదట్లో, అరచేతి అంచున తోలు లేస్తే స్పాన్ ఎక్కువ, లేదా హోల్ అంచు నున్నగా చేయలేదు. ఈ అంచు నునుపునే బెవెల్ అంటారు, రెండు నిమిషాల పని, అయినా హడావిడి షాపుల్లో ఎగ్గొట్టేది దీన్నే. వేలి పక్కన ఒకవైపే బొబ్బ వస్తే పక్క పిచ్ తేడా. కాయలు కాయడం గొప్ప ఆటగాడి గుర్తు అనే మాట విని మురిసిపోకండి. ఫిట్ బాగుంటే చేయి దాదాపు మామూలుగానే ఉంటుంది.

వచ్చేటప్పుడు అడిగి తీసుకోవాల్సిన కాగితం ఒకటుంది: స్పాన్లు, పిచ్‌లు, హోల్ సైజులు, ఇన్సర్ట్ సైజు రాసిన ఫిట్ షీట్. డ్రిల్లర్‌కు దూరంగా ఉండే మనలాంటి ఊళ్లవాళ్లకు బాల్ కంటే ఆ కాగితమే విలువైనది. బాల్ పోయినా, ఊరు మారినా, ఇంకో డ్రిల్లర్ ఆ అంకెలతోనే మొదలుపెట్టగలడు. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఆటోనగర్ లేత్ మీద వేయించుకుంటే చవకలో పోతుంది కదా అనే ఆలోచన రానే వస్తుంది. ఆటోనగర్ మేస్త్రి చేతివాటం మీద అనుమానమేమీ లేదు. కానీ గుండ్రటి బాల్‌ను బిగించి, పిచ్ ప్రకారం ఎనిమిదో వంతు అంగుళం తప్పించే జిగ్ అక్కడ ఉండదు. డ్రిల్ జారితే హోల్ కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. రెండు వేళ్ల హోల్స్ మధ్య మిగిలే సన్నని గోడను బ్రిడ్జ్ అంటారు, పావు అంగుళం దగ్గర ఉండే ఆ గోడ వేడికి అక్కడికక్కడే పగులుతుంది. పూడ్చి మళ్లీ డ్రిల్ చేయించే ఖర్చు లెక్కేస్తే చవక కాస్తా దండగవుతుంది.

టేపు, చెమట

కిట్‌లో అతి చిన్న వస్తువు, అతి ఎక్కువ పనికొచ్చేది బౌలర్ టేపు. మన ఉక్కపోతలో బొటనవేలు రోజుకు రెండు సైజులు మారుతుంది. బయట ఉబ్బుతుంది, ఏసీ హాల్లో గంట గడిచేసరికి తగ్గుతుంది. అందుకే హోల్‌ను వేలు బాగా ఉబ్బినప్పటి సైజుకు వేయించి, లోపల రెండు మూడు పొరలు టేపు వేసుకోవాలి. బిగువైతే ఒక పొర పీకడం, వదులైతే ఒకటి వేయడం. గోరు వైపు నున్నటి టేపు, వేలి మెత్త వైపు పట్టు కావాలంటే గరుకు టేపు. అంచు నుంచి పావు అంగుళం, అర అంగుళం లోపలికి దించి అంటించండి, బెవెల్ మీదికి వస్తే అదే కోస్తుంది. మూడు పావుల అంగుళం, అంగుళం వెడల్పుల్లో దొరుకుతాయి. సన్న వేళ్లకు మొదటిది చాలు. ఆట మధ్యలో టేపు మార్చడానికి సిగ్గుపడేవాళ్లుంటారు. మంచి ఆటగాడు పూటకు నాలుగైదుసార్లు మారుస్తాడు.

చెమటకు చిన్న పౌడర్ సంచి వాడొచ్చు, కానీ నేల మీద రాలనివ్వకూడదు. అప్రోచ్ (బాల్ వేయడానికి నడిచొచ్చే నేల) మీద పౌడర్ పడితే తర్వాత వచ్చేవాడి కాలు జారుతుంది, పోటీల్లో ఒప్పుకోరు. సొంత బూట్లు కొంటే, కుడిచేతి వాళ్లకు ఎడమ కాలి అట్ట జారేది ఉండాలి. దానికి కూల్‌డ్రింక్ చుక్క తగిలినా కాలు టక్కున ఆగిపోయి మనిషి ముందుకు తూలుతాడు. లేన్ దాటి బయటికొస్తే బూటు మీద కవర్ వేసుకోవడం ఫ్యాషన్ కాదు, మోకాలి భద్రత.

రోహిణి కార్తె

రోళ్లు పగిలే కార్తెలో బాల్ పగలదా? ఉత్త సామెత కాదిది. మేలో బయట 42, 43 డిగ్రీలున్నప్పుడు అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు లోపల 60 దాటుతుంది. డిక్కీలో ఉన్న బాల్ పైపొర, కోర్ వేర్వేరుగా వ్యాకోచిస్తాయి. ఆ వేడి బాల్‌ను తీసుకెళ్లి ఏసీ లేన్ మీద వేస్తే బ్రిడ్జ్ దగ్గర జుట్టంత సన్నని గీత మొదలవుతుంది, అక్కడి నుంచి పాకుతుంది. గది ఉష్ణోగ్రతలో, నేరుగా ఎండ పడని చోట పెట్టండి. ఇంట్లో అటక మీద వద్దు, స్లాబ్ కింద వేడి అక్కడే ఎక్కువ. మంచం కింద గుడ్డ పరిచి పెడితే చాలు. రైల్లో పై బెర్త్ మీద పెట్టొద్దు, 6 కిలోల బాల్ దొర్లి కింద ఉన్నవాళ్ల తల మీద పడితే బౌలింగ్ సంగతి తర్వాత. సీటు కింద పెట్టండి. హాల్‌కు చేరాక సంచి జిప్ తీసి అరగంట వదిలేసి, అప్పుడు ఆట మొదలుపెట్టండి.

తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. ప్లాస్టిక్ నూనె పీల్చదు కాబట్టి రియాక్టివ్ బాల్‌కు చేసే వేడినీళ్ల స్నానాలు దీనికి అక్కర్లేదు. థిన్నర్, పెట్రోలు, గోళ్ల రంగు తుడిచే ద్రావకం మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. 1973లో అమెరికాలో డాన్ మెక్‌క్యూన్ ప్లాస్టిక్ బాల్స్‌ను రసాయనంలో నానబెట్టి మెత్తబరిచి, ఆ ఒక్క ఏడాదే ఆరు టైటిళ్లు గెలిచాడు. ఆ తర్వాతే గట్టిదనం మీద నిబంధనలు బిగిశాయి. ఇప్పుడు డ్యూరోమీటర్ (గట్టిదనం కొలిచే పరికరం) మీద నిబంధన అంకె కంటే తక్కువ చూపిస్తే ఆ బాల్‌ను ఆటలోకి రానివ్వరు.

లేన్ మీద

60 అడుగుల లేన్ మొత్తానికి పూసే నూనె 20 నుంచి 30 మిల్లీలీటర్లు. ముద్దపప్పు అన్నంలో ధారాళంగా వేసుకునే నెయ్యికి కొంచెం అటూ ఇటూ. ఆ కాస్త నూనె ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నదే ఆట. మామూలు హౌస్ ప్యాటర్న్ (మాల్ లేన్లకు నూనె పూసే తీరు) దాదాపు 40 అడుగుల దాకా ఉంటుంది, నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా. నడుమకీ అంచుకీ తేడా పదింతలు కూడా ఉండొచ్చు. అందుకే బాల్ కొంచెం కుడికి పోయినా పొడి చోట పట్టుకుని తిరిగొస్తుంది, కొంచెం ఎడమకు పోయినా నూనెలో జారి నిలుస్తుంది. తప్పులు కాసే ప్యాటర్న్ అది. పోటీల్లో వేసే స్పోర్ట్ ప్యాటర్న్‌లో ఆ తేడా మూడింతలో అంతకంటే తక్కువో ఉంటుంది. మాల్‌లో 170 కొట్టేవాడు అక్కడ 140 చూసి డీలాపడితే తప్పు బాల్‌ది కాదు.

హుక్ వేసేవాళ్లకు ఒక లెక్క పనికొస్తుంది: ప్యాటర్న్ పొడవులోంచి 31 తీసేయండి. 40 అడుగులైతే 9. నూనె దాటేచోట బాల్ 9వ బోర్డు దగ్గర ఉండాలి. 36 అడుగులైతే 5, అంటే అంచు పట్టుకు ఆడాలి. 44 అయితే 13, లోపలికి రావాలి. పోటీ నిర్వాహకులు ప్యాటర్న్ కాగితం ముందే ఇస్తే మొదట చూడాల్సిన అంకె పొడవు.

మాల్ లేన్లకు ఈ లెక్కలు అంతగా కుదరవు. అక్కడ వచ్చేపోయేవాళ్లందరూ ప్లాస్టిక్ హౌస్ బాల్సే వేస్తారు. అవి నూనె పీల్చవు, ముందున్నదాన్ని పిన్ల వైపు మోసుకుపోతాయి. సాయంత్రానికి లేన్ ముందు భాగం ఎండిపోయి, పిన్ల ముందు జిడ్డు పేరుకుంటుంది. రియాక్టివ్ బాల్ కొన్నవాళ్లు అక్కడ తెల్లబోతారు: ముందే తిరిగేసి, తిరగాల్సిన చోట జారుతుంది. ప్లాస్టిక్ బాల్‌కు ఈ గొడవ లేదు. మొదటి బాల్‌గా దీన్ని చెప్పడానికి సగం కారణం ఇదే.

ఇంకో సంగతి, పిన్లను పైకి లాగడానికి వాటికి తాళ్లు కట్టి ఉన్నాయా చూడండి. తాళ్ల పిన్లు ఒకదాన్నొకటి కొట్టుకునే తీరు వేరు, స్ట్రైక్‌లు తక్కువ పడతాయి. అమెరికా బౌలింగ్ సంఘం యూఎస్‌బీసీ 2023లో దాన్ని వేరే విభాగంగా గుర్తించింది. తాళ్ల లేన్ మీద సగటుతో పోటీకి హ్యాండిక్యాప్ (సగటు తక్కువున్నవాళ్లకు కలిపే అదనపు పిన్లు) లెక్క వేయించుకునేటప్పుడు ఆ మాట ముందే చెప్పడం మర్యాద.

పదో పిన్

కుడిచేతి వాళ్లను ఏడిపించేది కుడి మూలనున్న పదో పిన్. దాని కేంద్రం కుడి అంచుకు 2.75 అంగుళాల దూరంలో ఉంటుంది. బాల్, పిన్ వెడల్పులు కలిపి చూస్తే బాల్ తగలడానికి 9 అంగుళాల చోటుంది. భయం గటర్‌ది (లేన్ పక్కన ఉండే కాలువది), చోటు లేక కాదు. కుడి నుంచి లెక్కపెట్టి ఎడమ పాదాన్ని 30 నుంచి 32వ బోర్డు మీద నిలపండి. లేన్ మీద గీసిన బాణాల్లో నడుమనున్న నాలుగోదాని మీదుగా, లేన్‌కు ఐమూలగా వేయండి. బాల్ ఎడమవైపు పోయి పిన్ తప్పితే పాదం ఒక బోర్డు ఎడమకు, గటర్‌లో పడితే ఒక బోర్డు కుడికి, లక్ష్యం మాత్రం అదే బాణం. పాదం ఒక బోర్డు జరిగితే పిన్ల దగ్గర దాదాపు మూడు బోర్డులు మారుతుంది, కాబట్టి గెంతులేయొద్దు. వదిలేటప్పుడు చేతిని పక్కకు తిప్పకండి, అరచేయి పిన్ వైపు చూస్తూ ముగియాలి. ప్లాస్టిక్ బాల్ కూడా బాగా తిప్పితే ఎండిన లేన్ మీద రెండు మూడు బోర్డులు వంగుతుంది.

పోటీకి తీసుకెళ్తే

బాల్ మీద కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబర్ కనపడాలి. సెకండ్ హ్యాండ్ బాల్ కొనేవాళ్లు అదనంగా రెండు చూడాలి. బ్రిడ్జ్ దగ్గర గోరుతో రాసి చూడండి, గోరు ఎక్కడైనా ఆగిందంటే పగులే. వేళ్లవి, బొటనవేలిది కాక నాలుగో హోల్ ఉందేమో చూడండి. పాత రోజుల్లో బరువు సర్దడానికి వేసిన బ్యాలెన్స్ హోల్ అది. 2020 ఆగస్టు 1 నుంచి యూఎస్‌బీసీ నిబంధనల్లో అది చెల్లదు, పూడ్పించాలి. అదే నిబంధన కుర్రాళ్లకు ఇంకో చోట తగులుతుంది. ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ బెల్మోంటేను చూసి బొటనవేలు పెట్టకుండా రెండు చేతులతో వేసేవాళ్లు బొటనవేలి హోల్ ఉన్న బాల్ వాడకూడదు. పట్టుకోవడానికి వాడని హోల్ ఏదైనా బ్యాలెన్స్ హోల్ కిందే లెక్క. అలా ఆడాలనుకుంటే డ్రిల్లర్‌కు రెండే హోల్స్ చెప్పండి, ఒకటి మిగులుతుంది కూడా.

ఆట నడుస్తుండగా బాల్ తుడవడానికి పొడి గుడ్డే వాడాలి, తడి గుడ్డ, క్లీనర్ రెండూ కుదరవు. పైపొరను గరుకు ప్యాడ్‌తో రుద్దడం ఆట మొదలవకముందే ముగించాలి. పాదం ఫౌల్ లైన్ దాటితే ఆ బాల్‌కు పడిన పిన్లు లెక్కలోకి రావు.

హ్యాండిక్యాప్ ఉన్న పోటీనే మొదట ఎంచుకోండి. ఉదాహరణకు 200 నుంచి తేడాలో 80 శాతం ఇస్తున్నారనుకుందాం. మీ సగటు 140 అయితే తేడా 60, గేమ్‌కు 48 పిన్లు కలుస్తాయి. ఆరు గేములకు 288. స్పేర్లు వదలని 140 ఆటగాడు అలాంటి పట్టికలో ఎక్కడ తేలతాడో ప్రాక్టీసు బాల్స్ వేసే పది నిమిషాల్లో ఎవరూ పట్టించుకోరు. ఆ పది నిమిషాలు అందరూ స్ట్రైక్‌లు కొట్టి చూసుకుంటుంటారు. మీరు మొదటి నాలుగు బాల్స్ పాకెట్‌కు వేసి, మిగతావన్నీ పదో పిన్‌కూ ఎడమ మూలనున్న ఏడో పిన్‌కూ వేయండి. బొటనవేలి టేపు ఎన్ని పొరలుండాలో కూడా అప్పుడే తేల్చుకోండి, మొదటి ఫ్రేమ్ పడ్డాక కాదు.